బెంగళూరులో పొట్టి బ్లాక్ పైన్: ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి

పోయిన నెల మా తమ్ముడు చెన్నై నుంచి ఫోన్ చేసి, "అక్కా, ఇంటి ముందు కాస్త చోటుంది, జపాన్ బ్లాక్ పైన్ పెడదామనుకుంటున్నా. పొట్టి రకం దొరుకుతోందట, మనిషెత్తు కూడా దాటదట. కొనెయ్యనా?" అన్నాడు. అదే వారం ఇక్కడ బెంగళూరులో, సర్జాపూర్ రోడ్డులో కొత్తిల్లు కట్టుకున్న నా స్నేహితురాలూ ఇదే అడిగింది. వాడికి వద్దన్నాను. ఆమెకు మాత్రం "కొను, కానీ నువ్వు చూసొచ్చింది కాదు" అన్నాను. రెండు జవాబులు ఎందుకు వేరయ్యాయో ఫోన్లో చెబితే సగం సగం అర్థమైంది. మొత్తం ఒకచోట రాసి పెడితే ఇంకొకరికైనా పనికొస్తుంది.

బ్లాక్ పైన్ సూదుల్లాంటి ఆకులుండే చెట్టు, జపాన్ వాళ్ళు దీన్ని కురొమాత్సు అంటారు. శాస్త్రీయ నామం పైనస్ థన్‌బెర్గై. 1775లో జపాన్ వెళ్ళిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ పీటర్ థన్‌బెర్గ్ పేరు మీద పెట్టారు. జపాన్, దక్షిణ కొరియా సముద్రతీరాలు దీని పుట్టిల్లు. ఉప్పుగాలి, ఇసుక, ఎండ దీనికి లెక్కే కాదు. తీరం వెంట ఇసుక ఊళ్ళ మీదికి కొట్టుకురాకుండా అక్కడ వరసలు వరసలుగా నాటుకున్నారు. మా చీరాల వైపు సముద్రపొడ్డున సరుగుడు తోటలు చేసే పని అక్కడ ఇది చేస్తుందన్నమాట. ఈ పోలికని గుర్తుపెట్టుకోండి, చెన్నై సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మరి ఉప్పుకీ ఎండకీ చలించని చెట్టుకి చెన్నైలో ఏం లోటు? చలి లోటు. పైన్ చెట్టు శరదృతువులో మొగ్గ కట్టుకుని, పగళ్ళు పొట్టివై చలి ముదిరాక నిద్రపోతుంది. ఆ నిద్ర తీరాకే వసంతంలో అన్ని కొమ్మల మీదా ఒకేసారి కొవ్వొత్తుల్లాంటి చిగుళ్ళు లేస్తాయి. టోక్యోలో ఏడాదిలో అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ దాదాపు అయిదు గంటల తేడా. జనవరి తెల్లవారుజామున చలి సున్నాకి ఒకటి రెండు డిగ్రీల దూరంలో ఉంటుంది. మన బెంగళూరులో పగటి తేడా గంటన్నర, జనవరి చలి 15 డిగ్రీలు. చెన్నైలో జనవరిలో కూడా తెల్లవారుజామున 20 డిగ్రీల దరిదాపులే. అంటే బెంగళూరులో ఈ చెట్టు కునుకు తీస్తుంది, చెన్నైలో అదీ ఉండదు. నిద్ర లేని చెట్టు ఒక కొమ్మ మీద ఇప్పుడు, ఇంకో కొమ్మ మీద రెండు నెలల తర్వాత చిగురిస్తూ, ఏడాదంతా తన నిల్వ ఖర్చు పెట్టుకుంటూ పోతుంది.

అయితే వేడి ప్రదేశాల్లో బొత్తిగా బతకదని కాదు. హవాయిలో, తైవాన్‌లో దీన్ని బోన్సాయ్‌గా తరాలుగా పెంచుతున్నారు. కాబట్టి ప్రశ్న బతుకుతుందా లేదా అని కాదు. ఏ రూపంలో తెచ్చుకుంటే బతుకుతుంది అన్నది.

ఇక్కడే పొట్టితనం గురించి ఒక మాట. మామూలు బ్లాక్ పైన్ తన తీరంలో వందడుగులు దాటే చెట్టు. దాన్ని పొట్టిగా చూడాలంటే రెండే దారులు. ఒకటి, పుట్టుకతోనే పొట్టిదైన రకం కొనడం. రెండు, మామూలు మొక్కని తెచ్చుకుని మీ చేత్తో పొట్టిగా ఉంచడం. నర్సరీవాళ్ళు మొదటి దారే అమ్ముతారు, ఎందుకంటే చూడగానే ముద్దొస్తుంది. నా అనుభవంలో బెంగళూరుకి రెండోదే సరైన దారి.

పుట్టుపొట్టి రకాల్లో పేరున్నవి కొన్ని చెబుతాను. థండర్‌హెడ్ గుబురుగా, ఎత్తు కంటే వెడల్పుగా విస్తరిస్తుంది. ముదురాకుపచ్చ సూదాకుల మధ్య తెల్లటి మొగ్గలు నిలబడితే కళ్ళు తిప్పుకోలేం. కొతొబుకి సన్నగా నిటారుగా, పొట్టి ఆకులతో పెరుగుతుంది. ఆ మాటకి దీర్ఘాయువు, శుభం అని అర్థం. యాత్సుబుస అనేవి మొగ్గలు గుత్తులు గుత్తులుగా వేసే రకాలు. నిషికి బెరడు బెండులా పగిలి రెక్కలు విప్పుతుంది. ఇవన్నీ అంటు మొక్కలే. గింజ వేస్తే తల్లి గుణం రాదు కాబట్టి, మామూలు బ్లాక్ పైన్ నారు మీద అంటు కట్టి తయారుచేస్తారు.

ఇవి మన దేశంలోకి రావాలంటే దిగుమతి అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మట్టితో సహా రానివ్వరు. ఆ కట్టుబాటు అవసరమే. ఉత్తర అమెరికా నుంచి జపాన్ చేరిన ఒక కంటికి కనపడని నులిపురుగు, బెరడు తినే పురుగుల మీద సవారీ చేస్తూ అక్కడి పైన్ అడవుల్ని ఎండబెట్టేసింది. కానీ వేళ్ళు కడిగి పంపడంలో ఇంకోటి జరుగుతుంది. పైన్ వేళ్ళ మీద మైకోరైజా అనే శిలీంధ్రం అల్లుకుని ఉంటుంది, నీళ్ళూ భాస్వరమూ చెట్టుకి అందించేది ఎక్కువగా అదే. మట్టి కడిగితే దానిలో చాలా భాగం పోతుంది. అలా వచ్చిన మొక్కని మన దగ్గర కొబ్బరి పొట్టులో కుక్కి, పైన నున్నటి గులకరాళ్ళు పరిచి అమ్ముతారు.

నేను మొదట కొన్నది అలాంటి థండర్‌హెడ్డే. ధర నాలుగంకెల్లో పై వైపు. జూలైలో తెచ్చి ఇంటి ముందు ఎర్రమట్టి నేలలో గొయ్యి తీసి పెట్టాను. ఆగస్టు బాగానే ఉంది. సెప్టెంబరు, అక్టోబరు బెంగళూరుకి అసలు వానాకాలం. రెండు నెలలూ మొక్క పచ్చగానే కనపడింది. నవంబరులో ఒకరోజు ఆకు రంగు కొంచెం బూడిదబారినట్టు అనిపించి మొగ్గని వేళ్ళ మధ్య నొక్కాను. పొడి పొడిగా రాలింది. తవ్వి తీస్తే కొబ్బరి పొట్టు ముద్ద ముద్దగా నీళ్ళు కారుతూనే ఉంది. వేళ్ళ మీది తోలు గ్లవుజులా ఊడొచ్చింది, లోపల నల్లటి దారం. పైన్‌తో ఉన్న పెద్ద చిక్కు ఇదే. చెట్టు పోయిన తర్వాత కూడా వారాల తరబడి పచ్చగా ఉంటుంది. మనకు తెలిసేసరికి చేసేదేమీ ఉండదు.

అందుకని అంటు రకం ఎంత నచ్చినా, మొదటి పైన్‌గా తీసుకోవద్దనే చెబుతాను. రెండో మూడో మొక్కగా, ఇక్కడే కనీసం రెండేళ్ళు పెరిగి వానాకాలాలు చూసినది దొరికితే, అంటు అతుకు దగ్గర లావు ఒక్కసారిగా మారకుండా నున్నగా ఉంటే తీసుకోండి. పుట్టుపొట్టి రకానికి పెరుగుదల నెమ్మది. దెబ్బ తగిలితే కోలుకునే సత్తువ కూడా అంతే నెమ్మది. సరిగ్గా నిద్రపోని ఊళ్ళో మనకు కావాల్సింది సత్తువ ఉన్న మొక్క.

ఆ సత్తువ మామూలు గింజ మొక్కలో ఉంది. ఇక్కడ మొలిచి ఇక్కడి ఎండావానల్లోనే వేరు పోసుకున్న మొక్క వేరే దారిలో నడుస్తుంది. నారు మొక్క దొరికితే సరే, దొరక్కపోతే గింజ వేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. ఒకరోజు నీళ్ళలో నానబెట్టి, మునిగినవి ఉంచుకుని తేలినవి పారేయండి. తడి టిష్యూలో చుట్టి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత కడిగిన ముతక ఇసుకలో వేస్తే రెండు మూడు వారాల్లో గొడుగు ఊచల్లా ఆకులు విప్పుకుని లేస్తుంది. అప్పటి నుంచి మొదటి మూడు నెలలే గండం. కాండం నేల దగ్గర కుళ్ళి పడిపోయే జబ్బు వానాకాలంలో ఒక్క రాత్రిలో ట్రే అంతా ఊడ్చేస్తుంది. అందుకని నేను నవంబరు చివర్లో వేస్తాను, వాన వెనక్కి తగ్గాక.

ఓపిక లెక్క కూడా చెప్పాలి. పెన్సిల్ లావు రావడానికి మూడు నాలుగేళ్ళు. చూసినవాళ్ళు "చెట్టు" అనడానికి ఎనిమిది, పదేళ్ళు. అంత ఆగలేనివాళ్ళు నాలుగైదేళ్ళ వయసున్న గింజ మొక్కని బోన్సాయ్ పెంచేవాళ్ళ దగ్గర అడగండి. అంటు మొక్క ధరలో సగం కూడా ఉండదు.

పొట్టిగా ఉంచడం ఎలా అంటే, ఈ జాతికున్న ఒక సుగుణం మీద ఆధారపడి. బ్లాక్ పైన్ ఏడాదిలో మొదటి చిగురు పోతే రెండో చిగురు వేయగలదు. జపాన్‌లో జూన్ చివర, జూలైలో వసంతపు చిగుళ్ళన్నీ మొదలుకంటా కోసేస్తారు. దాని స్థానంలో పొట్టి చిగుళ్ళు, పొట్టి ఆకులు వస్తాయి. అవి ముదరడానికి దాదాపు వంద రోజులు లెక్క. నేను జూలై ఆఖరున కోస్తాను, నవంబరు చల్లదనానికి ముదురుతాయి. అయితే బలంగా ఉన్న మొక్కకే ఈ కోత. ఆ ఏడాది కుండీ మార్చినా, ఆకు పాలిపోయినా కత్తెర ముట్టుకోను. ఇంకొకటి, ఆకు లేని మోడు దాకా ఎప్పుడూ కొయ్యకండి. మల్లె, మందారంలా మోడు నుంచి చిగురుపెట్టే గుణం పైన్‌కి లేదు, ఆ కొమ్మ అక్కడితో ఎండిపోతుంది.

నేలలోనా, కుండీలోనా? బెంగళూరులో ఇప్పటికీ నా ఓటు కుండీకే. నేలలో పెట్టాలనే ఉంటే అడుగున్నర ఎత్తు దిబ్బ కట్టి, దానిలో సగానికి సగం ముతక ఇసుకా ఇటుక ముక్కలూ కలిపి, దాని మీద పెట్టండి. గొయ్యి తీసి పెట్టకండి. ఎర్రమట్టిలో తీసిన గొయ్యి వానాకాలంలో బకెట్‌తో సమానం. కుండీకైతే ఇటుకలు కొట్టి జల్లెడ పట్టి, వడ్లగింజంత నుంచి శనగగింజంత దాకా ఉన్న ముక్కలు తీసుకోండి. పొడి మొత్తం పారేయాలి, అదే వేళ్ళకి ఊపిరాడనివ్వదు. దానికి ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వతపు రాయి కలిపితే ఇంకా మేలు. నీళ్ళు పోసిన క్షణంలో అడుగు చిల్లుల్లోంచి కారిపోవాలి. ఎరువుగా వేప పిండి, ఆముదం పిండి చిన్న చిన్న ఉండలుగా.

నీళ్ళ విషయం ఎవరూ చెప్పరు. బోరు నీళ్ళు మన ఏరియాల్లో చాలాచోట్ల సున్నపు నీళ్ళే. కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతుంటే, కొత్త ఆకు పసుపు తిరుగుతుంటే కారణం అదే. వాననీళ్ళు పట్టుకునే ఏర్పాటుంటే పైన్‌కి కేటాయించండి. కొళాయిలో వచ్చే కావేరి నీళ్ళయినా పరవాలేదు. ఎండ మాత్రం రోజుకి ఆరు గంటలు తక్కువ కాకూడదు. బాల్కనీలో ఉదయం రెండు గంటల ఎండే పడేవాళ్ళు ఈ చెట్టు ఆలోచన మానుకోవడమే ఆ చెట్టుకి చేసే మేలు.

మైకోరైజా గురించి ఇందాక చెప్పానుగా. మొన్న ఫిబ్రవరిలో ఆరేళ్ళ గింజ మొక్కని కుండీ మార్చడానికి తీశాను. ఇటుక ముక్కల మధ్య సాలెగూడులా తెల్లటి దారాలు, పక్కకి తుంచిన వేరు కొసలు రెండుగా చీలి ముత్యాల్లా ఉన్నాయి, పుట్టగొడుగు వాసన గుప్పుమంది. దానిలోంచి రెండు గుప్పెళ్ళు తీసి కొత్త కుండీలో కలిపాను. పాత పైన్ ఉన్నవాళ్ళు దగ్గర్లో ఉంటే ఆ గుప్పెడు అడిగి తెచ్చుకోండి, ఏ పొట్లం మందు కంటే అది మేలు.

నర్సరీకి వెళ్ళేవాళ్ళకి. లాల్‌బాగ్ వెనక సిద్ధాపురలో, హోసూరు రోడ్డు పొడుగునా తిరిగితే "బ్లాక్ పైన్" అనే పేరుతో నాలుగు రకాల చెట్లు చూపిస్తారు. ఆకు పట్టుకుని లెక్కపెట్టండి. బ్లాక్ పైన్‌కి ఒక్కో కట్టలో రెండు సూదాకులే, బిరుసుగా, అరచేతికి గుచ్చుకునేలా ఉంటాయి. మొగ్గ తెల్లగా పట్టులా ఉంటుంది. రెండాకులే ఉండి మెత్తగా, మొగ్గ ఎర్రగోధుమ రంగులో ఉంటే అది రెడ్ పైన్. మూడాకులుండి జానెడు, ఇంకా పొడుగ్గా వేలాడుతుంటే హిమాలయాల చిర్ పైనో, నీలగిరుల్లో నాటే పాటులా పైనో. చిర్ పైన్ మన వేడిని బాగానే తట్టుకుంటుంది గానీ ఆ ఆకు పొడుగుతో పొట్టి చెట్టు రూపం రాదు. అరెకరం తోట ఉన్నవాళ్ళకైతే మంచి చెట్టే.

కట్టలు కట్టలుగా కాకుండా కొమ్మ చుట్టూ తాడు పేనినట్టు ఆకులుంటే అది పైనే కాదు, అరౌకేరియా. క్రిస్మస్ చెట్టని అడుగున్నర కుండీలో అమ్మేది అదే, "డ్వార్ఫ్ పైన్" అని కూడా అంటున్నారు. లాల్‌బాగ్‌లో ఆకాశానికి నిచ్చెనల్లా నిలబడ్డవి చూసి రండి, పొట్టిదో కాదో తెలుస్తుంది. వీటిలో కుక్ పైన్ అనే రకం ప్రపంచంలో ఎక్కడ నాటినా భూమధ్యరేఖ వైపు ఒరుగుతుందని 2017లో శాస్త్రజ్ఞులు కొలిచి చూపించారు. మన దగ్గర దక్షిణానికి ఒరగాలి. ఈసారి వెళ్తే గమనించండి.

పైన్ రూపమే కావాలి, పైనే అవ్వక్కర్లేదు అనేవాళ్ళకి బెంగళూరులో మంచి దారులున్నాయి. జునిపర్ అన్నిటికంటే తేలిక. నేల మీద పాకే జపాన్ రకం రాళ్ళ మధ్య పెడితే మూడేళ్ళకే పాత తోటలా కనపడుతుంది. దానికి శత్రువు మార్చి, ఏప్రిల్ పొడి ఎండలో పట్టే ఎర్ర నల్లి. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి రెండు తట్లు తట్టండి. రాలిన దుమ్ములో చుక్కలు నడుస్తుంటే పైపుతో ఆకుల అడుగు వైపు జోరుగా నీళ్ళు కొట్టాలి, వారంపాటు రోజూ. ఇక పోడోకార్పస్, సగం నీడలో కూడా పెరుగుతుంది, మోడు నుంచి కూడా చిగురిస్తుంది, తప్పులు క్షమిస్తుంది. ఆకు సూదిలా కాక సన్నటి కత్తిలా ఉంటుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. నా స్నేహితురాలికి తూర్పు వైపు గోడ నీడలో ఇదే పెట్టించాను, ఎండ పడే మూల దిబ్బ కట్టి నాలుగేళ్ళ బ్లాక్ పైన్ గింజ మొక్క పెట్టాం.

ఇప్పుడు చెన్నై. మా తమ్ముడుండేది తిరువాన్మియూరులో, సముద్రానికి నడిచే దూరం. బ్లాక్ పైన్‌కి ఆ ఉప్పుగాలి ఇబ్బంది కాదు, కానీ మే నెలలో డాబా మీద కుండీ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, వేళ్ళు లోపల ఉడుకుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన. జపాన్‌లో పైన్ నిద్రకి సిద్ధమయ్యే నెలల్లో ఇక్కడ వేళ్ళు నీళ్ళలో నానుతుంటాయి. ఒకరిద్దరు పట్టుదలగా నిలబెట్టుకోగలరేమో, కానీ మొదటి చెట్టుగా వద్దు.

"ఒరేయ్, మనూళ్ళో సముద్రపొడ్డున ఉన్నది పెట్టుకోరా" అన్నాను. "సరుగుడా? కట్టెలకి పెంచేదాన్ని ఇంటి ముందా?" అన్నాడు. ఇండొనేసియాలో, తైవాన్‌లో సరుగుడు బోన్సాయ్‌లకి ఎంత గౌరవముందో ఫోటోలు పంపాక కాస్త మెత్తబడ్డాడు. సరుగుడు పైన్ బంధువు కాదు. సూదిలా కనపడేది ఆకు కాదు, సన్నటి రెమ్మ. రెండు చేతుల్తో పట్టుకుని లాగితే కణుపు దగ్గర టిక్కుమని ఊడుతుంది. కణుపు చుట్టూ కంటికి ఆననంత పళ్ళలా ఉన్నవే అసలు ఆకులు. చిన్నప్పుడు ఊడదీసి మళ్ళీ అతికించి, ఎక్కడ ఊడిందో చెప్పమని ఆడుకునేవాళ్ళం. వేళ్ళలో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టిస్తుంది కాబట్టి ఎరువు కూడా పెద్దగా అడగదు. చెన్నై ఎండంతా దానికి భోజనమే. నీళ్ళు మాత్రం బాగా తాగుతుంది, ఎండాకాలం కుండీలో ఉంటే రోజుకి రెండు పూటలా పోయాలి. పెరుగుదల జోరు ఎక్కువ, అందుకని కత్తిరింపు నెలకోసారి, లేకపోతే రెండేళ్ళలో మేడెక్కి కూచుంటుంది. రైతులకి అమ్మే నారు కొన్ని రూపాయలే. పది తెచ్చి, కాండం వంపు బాగున్నవి రెండు ఉంచుకోమన్నాను.

ఈ రెండు ఊళ్ళే కాక, చల్లటి చోట తోట ఉన్నవాళ్ళూ మనలో ఉన్నారు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ వైపో, నంది కొండ మీదో చలి కాస్త ఎక్కువ దొరికే చోటైతే, ఇందాక వద్దన్న అంటు రకాలు కూడా దిబ్బ మీద పెట్టి చూడొచ్చు. కానీ వారాంతాల్లో మాత్రమే వెళ్ళే తోటకి కుండీ పైన్ వద్దు, నేలలో పెట్టిందే ఉండనివ్వండి.

కొనడానికి మంచి కాలం జనవరి, ఫిబ్రవరి. వానలు పోయి ఉంటాయి, చిగురు ఇంకా కదలదు, లాల్‌బాగ్ పూల ప్రదర్శన కూడా అప్పుడే కాబట్టి నర్సరీల్లో సరుకు ఎక్కువ. మొక్కని కాండం పట్టుకుని కొంచెం ఊపి చూడండి, మట్టిలో వదులుగా ఆడితే వదిలేయండి. మొగ్గ నొక్కితే గట్టిగా తగలాలి. అడుగు చిల్లులో వేలు పెట్టి వాసన చూడండి, మురుగు వాసన వస్తే ఎంత తగ్గించినా వద్దు. ఇంటికి తెచ్చాక ఆ ఏడాది కత్తెర పక్కన పెట్టి, ఎండలో ఉంచి, నీళ్ళ సంగతి మాత్రం చూసుకోండి.